కళ్యాణ మండపంలో కచేరీకి సౌండ్ చెయ్యడం: నా అనుభవం

మైక్ సెట్ పనిలో బయట గ్రౌండులో ప్రోగ్రాం కంటే ఏసీ కళ్యాణ మండపంలో ప్రోగ్రామే కష్టం అంటే ఈ పని తెలియనివాళ్ళు నమ్మరు. నాలుగు గోడలున్నాయి, గాలి లేదు, వాన భయం లేదు, ఇంకేం కావాలయ్యా నీకు అంటారు. ఆ నాలుగు గోడలే కదండీ బాధ. గ్రౌండులో స్పీకర్ బాక్సులోంచి బయటికొచ్చిన సౌండ్ వెళ్ళిపోతుంది, మళ్ళీ మన మొహం చూడదు. మండపంలో వదిలింది వదిలినట్టే తిరిగొస్తుంది, అదీ ఒకసారి కాదు.

మొన్న జనవరిలో గోదావరి జిల్లాలో ఒక టౌన్లో త్యాగరాజ ఆరాధనకి సౌండ్ ఒప్పుకున్నా. పుష్య బహుళ పంచమి నాడు పొద్దున్నే గోష్ఠి గానం, మధ్యాహ్నం హరికథ, సాయంత్రం పెద్ద కచేరీ. హాల్ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు ఆ హాలు వాళ్ళ ఒక్కళ్ళదే కాదు, ఇప్పుడు మన దగ్గర కడుతున్న మండపాలన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. వంద అడుగుల పొడవు, అరవై వెడల్పు, ఇరవై ఎత్తు. కింద గ్రానైట్, గోడలకి నున్నగా పుట్టీ లాగి ఎమల్షన్ పెయింటు, పైన పీఓపీ సీలింగు, ఒక పక్క రోడ్డు వైపు అద్దాల కిటికీలు, రెండో పక్క కొబ్బరితోట వైపు ఇంకో వరస కిటికీలు. పెళ్ళి ఫోటోలకి అద్భుతం. మాట వినడానికి మాత్రం ఇత్తడి గంగాళంలో తల పెట్టినట్టే.

ముందురోజు సాయంత్రం వ్యాన్ లోంచి సామాను దింపకముందే స్టేజి మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టా. ఏ హాలుకెళ్ళినా నాకిదే అలవాటు, దీనికి ఏ మీటరూ అక్కర్లేదు. రెండు పక్క గోడల మధ్య టక టక టక అని కొట్టుకుంటూ పోయింది. నేనున్నది మధ్యలో, గోడ దాకా ముప్పై అడుగులు వెళ్ళి ముప్పై అడుగులు రావాలి, సౌండు సెకనుకి దాదాపు 1140 అడుగులు వెళ్తుంది కాబట్టి సెకనుకి పద్దెనిమిది పంతొమ్మిది దెబ్బలు చెవికి వినిపిస్తాయి. అది కాక ఎదురుగా ఉన్న వెనక గోడ నుంచి ఇంకో పెద్ద దెబ్బ. స్టేజి మీద కూర్చున్నాయనకి ఆ గోడ తొంభై అడుగుల దూరం, వెళ్ళి రావడానికి సుమారు 160 మిల్లీసెకన్లు. అంటే మృదంగం ఆయన వేసిన దెబ్బ ఆయనకే ఆలస్యంగా తిరిగొచ్చి వినపడుతుంది. తాళం మీద కూర్చున్న మనిషికి దీనంత చిరాకు ఇంకోటి లేదు, ఆ చిరాకులో ఆయనేం చేస్తాడంటే ఫీడ్‌బ్యాక్ పెంచమంటాడు (స్టేజి మీద ఆర్టిస్టులకి పెట్టే మానిటర్ బాక్సుని కచేరీల్లో అందరూ అలాగే పిలుస్తారు), మనం పెంచుతాం, పెంచింది మళ్ళీ హాల్లోకి పోతుంది, అది మళ్ళీ తిరిగొస్తుంది. రోగం ఎక్కడో, మందు ఎక్కడో.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, విసుక్కోకండి. 1895లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళు కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో మాట అర్థం కావట్లేదని వాలెస్ సబీన్ అనే కుర్ర లెక్చరర్‌కి ఆ పని అప్పజెప్పారు. ఆయన రాత్రిళ్ళు పక్క థియేటర్లోంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం ఒకటి ఊది, స్టాప్‌వాచ్ పట్టుకుని సౌండు ఎంతసేపటికి చచ్చిపోతుందో కొలిచాడు. ఖాళీ హాల్లో అయిదున్నర సెకన్లు. ఆ కొలతల్లోంచే సూత్రం పుట్టింది: హాలు ఘనపరిమాణం ఘనపుటడుగుల్లో తీసుకుని 0.049తో గుణించి, హాల్లో సౌండుని పీల్చుకునే వస్తువులన్నీ కలిపి ఎన్ని చదరపు అడుగులో దానితో భాగించడమే. నాకు బాగా నచ్చేదేంటంటే ఆయన పీల్చుకోవడాన్ని తెరిచిన కిటికీ లెక్కన కొలిచాడు. ఒక చదరపు అడుగు తెరిచిన కిటికీ అంటే ఒక చదరపు అడుగు సౌండు పూర్తిగా బయటికి పోయినట్టు.

మన హాలు లక్షా ఇరవై వేల ఘనపుటడుగులు. నేల, గోడలు, సీలింగు మొత్తం కలిపి పద్దెనిమిది వేల చదరపు అడుగులు దాటుతుంది కానీ గ్రానైటు, పుట్టీ, పీఓపీ కలిపి సగటున నూటికి ఆరు పాళ్ళు పీల్చితే గొప్ప. లెక్కేస్తే అయిదు సెకన్ల పైనే వస్తుంది. అంటే గాయకుడు ఒక సంగతి (అదే లైన్ని ఇంకో రకంగా తిప్పి పాడటం) వేసి ఆపి, ఊపిరి తీసుకుని ఇంకోటి మొదలెట్టినా పాతది ఇంకా సీలింగు దగ్గరే తిరుగుతూ ఉంటుంది. పైగా మన భాష అజంతం, మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. అచ్చుల్లో బలం ఎక్కువ, హల్లుల్లో తక్కువ. అయిపోయిన మాట అచ్చు సాగి సాగి తర్వాతి మాట హల్లుని మింగేస్తుంది. అందుకే ఇలాంటి హాళ్ళలో రాగం బాగానే వినపడుతుంది, సాహిత్యం పోతుంది. త్యాగరాజ ఆరాధనలో సాహిత్యం పోతే ఇంక మిగిలేదేంటి?

కమిటీ సెక్రటరీ గారికి ఇదంతా చెప్పలేదు లెండి, చెప్తే పక్కవాళ్ళ మైక్ సెట్ పిలిచేవారు. ఆయన అడిగింది ఒకటే, "సౌండ్ గట్టిగా ఉండాలి, చివర కుర్చీ దాకా వినపడాలి." గట్టిగా ఉండటానికీ వినపడటానికీ ఈ హాల్లో సంబంధం లేదు. ఎందుకంటే బాక్సు నుంచి నేరుగా చెవికొచ్చే సౌండు దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది, గోడల నుంచి తిరిగొచ్చేది హాలంతా ఇంచుమించు ఒకటే. ఖాళీగా ఉన్న ఆ హాల్లో మామూలు టాప్ బాక్సు (స్టాండు మీద పెట్టే మెయిన్ స్పీకరు) ముందు పదిహేను అడుగులు దాటితే తిరిగొచ్చేదే గెలుస్తుంది. ఫేడర్ (మిక్సర్ మీద లెవెల్ పెంచే మీట) పైకి తోస్తే రెండూ సమానంగా పెరుగుతాయి, నిష్పత్తి మారదు. గోల పెరుగుతుంది, మాట అలాగే ఉంటుంది. కాబట్టి చెయ్యాల్సిన పనులు రెండే: హాల్లోకి పోసే సౌండు తగ్గించడం, పోసిందాన్ని మనిషి చెవికి దగ్గరగా పొయ్యడం.

ముందు టెంట్ హౌస్ వాళ్ళ దగ్గరికెళ్ళా. షామియానాకి పక్కల కట్టే పరదాలు, పాత మందం రకం ఉంటాయి కదా, అవి కావాలన్నా. హాల్లో పరదాలెందుకండీ, గోడలు బాగానే ఉన్నాయిగా అని ఆ కుర్రాడు నవ్వాడు. వెనక గోడ అరవై అడుగులకీ పద్నాలుగు అడుగుల ఎత్తున కట్టించాం, లాగి కట్టకుండా మడతలు మడతలుగా, రెండు పొరలు, గోడకి ఆనకుండా అడుగు దూరంలో సరుగుడు కర్రలకి. ఈ దూరం ముఖ్యం. గోడకి అంటుకున్న గుడ్డ పై స్థాయి సౌండుని మాత్రమే పడుతుంది, దూరం వదిలితే ఇంకొంచెం కింది స్థాయి దాకా పనిచేస్తుంది. మృదంగం తొప్పి (ఎడమ చేత్తో వాయించే పెద్ద మొహం) వైపు వచ్చే బరువైన నాదాన్ని మాత్రం ఏ గుడ్డా ఆపదు, దాని సంగతి తర్వాత చెప్తా. సెక్రటరీ గారు వచ్చి చూసి డెకరేషన్ పాడైందని గొడవ పెట్టుకున్నారు, చివరికి పరదాల మీద బంతిపూల దండలు వేలాడేసి రాజీ పడ్డాం. నిజం చెప్పాలంటే బాగానే ఉంది చూడ్డానికి.

తర్వాత కిటికీలు. జనవరి కాబట్టి ఏసీ అవసరం లేదు. రోడ్డు వైపు మూసేసి, తోట వైపు కిటికీలూ రెండు పెద్ద తలుపులూ బార్లా తెరిపించా. స్లయిడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, అయినా మొత్తం కలిపి రెండొందల చదరపు అడుగులు వచ్చింది. సబీన్ గారి లెక్కలో రెండొందల అడుగులు పూర్తిగా మన పక్షం. పరదాలూ ఇదీ కలిపితే అయిదు సెకన్లది మూడున్నర దగ్గరికి దిగింది. అప్పుడు మళ్ళీ చప్పట కొట్టి చూస్తే పక్క గోడల టకటక ఉంది కానీ వెనక నుంచి కొట్టే పెద్ద దెబ్బ పోయింది.

బాక్సుల దగ్గర ఇంకో యుద్ధం. హాలు వాళ్ళు గోడలకి పైన బిగించిన బాక్సులు ఉన్నాయి, అవి వాడితే మీ అద్దె తగ్గుతుంది కదా అన్నారు. అవి సీలింగుకి దగ్గరగా ఎదురు గోడని చూస్తూ ఉన్నాయి, ఒకదాని సౌండు తిన్నగా ఎదురుదాని పక్కన గోడకి కొట్టుకుంటుంది, మనుషుల మీద పడేది తక్కువ. వాటి వైర్లు పీకించేసా. నా టాప్ బాక్సులు రెండూ స్టేజి అంచుకి మూడు నాలుగు అడుగులు ముందుకి పెట్టి, స్టాండు ఎత్తుగా లేపి, మొహం కిందికి వంచి, సరిగ్గా జనం తలల మీద పడేట్టు తిప్పా. మనిషి అంటే ఒంటినిండా గుడ్డలు, కూర్చున్న మనిషి ఒక్కడు నాలుగైదు చదరపు అడుగుల తెరిచిన కిటికీతో సమానం, అంతకంటే మంచి పరదా ఎక్కడ దొరుకుతుంది. వెనక సగానికి సన్నటి కాలమ్ స్పీకర్లు రెండు హాలు మధ్యలో పెట్టా, నిలువుగా. నిలువు కాలమ్ పైకీ కిందికీ ఎక్కువ చిమ్మదు, సీలింగు జోలికి పోదు. ముందు బాక్సులకీ వీటికీ యాభై అడుగులు, అంటే వీటికి 44 మిల్లీసెకన్ల డిలే పెట్టాలి (సౌండుని అంతసేపు ఆపి వదలాలి), దాని మీద ఇంకో పన్నెండు కలిపి 56 పెట్టా. ఆ పన్నెండు ఎందుకంటే చెవి ముందు వచ్చిన సౌండు ఎటు నుంచి వస్తే అటే మనిషి ఉన్నాడనుకుంటుంది. హాస్ అనే జర్మన్ ఆయన 1949లోనే దీన్ని పరీక్షించి రాశాడు. వెనకాల కూర్చున్నవాళ్ళకి పాట స్టేజి మీద నుంచే వస్తున్నట్టుంటుంది, పక్కనున్న కాలమ్ ఉందని కూడా తెలియదు. సబ్ బాక్సులు వ్యాన్ లోంచి దింపలేదు. బేస్ బాక్సులేవి అని మా కుర్రాడు కూడా అడిగాడు, రావట్లేదురా అని చెప్పా.

తెల్లారి గోష్ఠి గానం. అరవై డెబ్భై మంది, స్టేజి మీద కొందరు, స్టేజి కింద జంపఖానాల మీద కొందరు. ఒక్కొక్కళ్ళూ వచ్చి మైక్ అడగడమే. కమిటీ వాళ్ళు ఇద్దరికొకటి చొప్పున ముప్పై మైకులు కావాలన్నారు. నేను నాలుగు పెట్టా. మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత (బాక్సు సౌండు మళ్ళీ మైకులోకి పోయి హూ అని అరవడం) రాకుండా మనం తీసుకోగల లెవెల్ మూడు డెసిబెల్స్ పడిపోతుంది. నాలుగు బదులు పదహారు తెరిస్తే ఆరు డెసిబెల్స్ పోయినట్టే, పైగా ప్రతి మైకూ హాల్లో తిరుగుతున్న గోలని మళ్ళీ లోపలికి లాగుతుంది. డెబ్భై మంది గొంతు కలిపితే ఆ హాల్లో అసలు మైకే అక్కర్లేదు, కావాల్సింది ముందుండి నడిపించే ఇద్దరు ముగ్గురి సాహిత్యం స్పష్టంగా వినపడటం. వాళ్ళకి దగ్గరగా మూడు, వయొలిన్లకి ఒకటి. మిగతావాళ్ళ అలక తీర్చడానికి కనెక్షన్ లేని మైకులు పెట్టే పద్ధతి ఈ ఫీల్డులో ఉంది, నేను పెట్టను, ఎవరో ఒకరు దాంట్లో అనౌన్స్‌మెంట్ మొదలెడతారు, పరువు పోతుంది. మీ గొంతు బాగా వస్తోందండీ అని చెప్పి పంపించా, అబద్ధం కూడా కాదు.

హరికథకి ఇంకో రకం తలనొప్పి. దాసు గారు ఒకచోట నిలబడరు, గజ్జెలతో అటూ ఇటూ నడుస్తారు, చేతిలో చిడతలు, కాబట్టి చేతి మైకు కుదరదు. స్టాండు మైకు పెడితే నడిచినప్పుడల్లా మాట పోతుంది. కాలర్ మైకు గుండె దగ్గర ఉంటుంది, హాలు గోల అంతా తాగుతుంది. చెవికి తగిలించే సన్నటి హెడ్ మైకు పెట్టి నోటి పక్కకి తీసుకొచ్చా. మైకుకీ నోటికీ దూరం సగం చేస్తే ఆరు డెసిబెల్స్ ఊరికే వస్తాయి, ఏ ఈక్వలైజరూ (ఒక్కో స్థాయి సౌండుని విడిగా పెంచి తగ్గించేది) ఇంత మేలు చెయ్యదు. ఆయన స్టేజి అంచు దాకా వచ్చినా బాక్సులు ముందుకి ఉన్నాయి కాబట్టి కూత రాలేదు. చిడతల శబ్దం మాత్రం గోడల మీద బాగా మోగింది, కొంచెం పైస్థాయి తగ్గించి ఊరుకున్నా. ఆ కాసేపూ మాట సుబ్బరంగా వినపడింది, ముందు వరసలో పిట్టకథకి నవ్వితే వెనక వరసలో కూడా అదే టైంకి నవ్వారు. నాకు అంతకంటే మంచి మీటరు లేదు.

సాయంత్రం కచేరీకి సౌండ్ చెక్ అయిదింటికి. ఖాళీ హాల్లో సౌండ్ చెక్ అంటే సగం అబద్ధం. నాలుగొందల మంది వచ్చి కూర్చుంటే మూడున్నర సెకన్లు కాస్తా ఒకటిన్నర, రెండు మధ్యకి దిగుతుంది, అప్పుడు హాలే వేరు. అందుకని చెక్‌లో ఈక్వలైజర్‌తో పెద్దగా ఆడలేదు, కూతలు మాత్రం చూసుకున్నా. లెవెల్ నెమ్మదిగా పెంచుతూ పోతే ఎక్కడో ఒక చోట హూ అని మొదలవుతుంది, ముప్పై ఒక్క బ్యాండుల గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో దాన్ని పట్టుకుని మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించాలి, మళ్ళీ పెంచాలి. ఇక్కడ 250 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 315 దగ్గర ఒకటి, పైన 2500 దగ్గర ఒకటి దొరికాయి. అక్కడితో ఆపా. కొంతమంది పది పన్నెండు బ్యాండులు లాగేస్తారు, అప్పుడు కూత రాదు నిజమే, గొంతు కూడా రాదు. గాయకురాలి మైకులో 120 కింద అంతా కోసేసా, వయొలిన్‌కి ఇంకా పైదాకా.

గాయకురాలు చాలా మర్యాదస్తురాలు. మైకు జానెడు దూరంలో పెట్టుకున్నారు, "అమ్మా, కొంచెం దగ్గరికి జరుపుతానండి" అని అడిగి నాలుగు వేళ్ళ దూరానికి తెచ్చా. ఆవిడ పాడి చూసి, "బాబూ, ఎకో కొంచెం వెయ్యండి, గొంతు పొడిగా ఉంది" అన్నారు. ఆ హాల్లో ఎకో వెయ్యడమంటే గోదారికి నీళ్ళు మొయ్యడమే. కానీ ఆవిడ చెప్పిందీ నిజమే, నోటికి అంత దగ్గరున్న మైకు మానిటర్‌లో పొడిగానే వినపడుతుంది. అందుకని ఆవిడ మానిటర్‌లో మాత్రం చిన్న రివెర్బ్ (ఆవిడ అడిగిన ఎకో లాంటిదే) వేసి, హాలు బాక్సుల్లోకి చుక్క కూడా వదల్లేదు. హాయిగా ఉందన్నారు.

వయొలిన్ ఆయన, మృదంగం ఆయన ఇద్దరూ ఫీడ్‌బ్యాక్ చాలట్లేదన్నారు. ఒకరికి పెంచితే ఇంకొకరికి చాలదు, ఈ పందెం ఎప్పుడూ పైకే వెళ్తుంది. నేను రివర్సులో వెళ్తా. మృదంగం ఆయన మానిటర్‌లో మృదంగం పూర్తిగా తీసేసి (ఒళ్ళోనే ఉంది కదా, వినపడక ఎక్కడికి పోతుంది) గాత్రం ఒక్కటే ఉంచా, వయొలిన్ ఆయనకి తంబురా శ్రుతి తగ్గించా. ఆయన రెండు నిమిషాలు వాయించి, ఆ ఇప్పుడు పెంచారు, బాగుంది అన్నారు. పెంచలేదని నేనూ చెప్పలేదు.

మైకుల వెనక మానిటర్ ఎక్కడ పెట్టాలో కూడా చూసుకోవాలి. మామూలు ఎస్ఎం58 రకం (పాటకి ఎక్కువగా వాడే చేతి మైకు) మైకుకి చెవుడు సరిగ్గా తోక వైపు, మానిటర్ తిన్నగా వెనకే పెట్టాలి. సూపర్ కార్డియాయిడ్ రకానికి (ముందు వైపు ఇంకా ఇరుకుగా వినే మైకు) చెవుడు వెనక రెండు పక్కలకి ఉంటుంది, తిన్నగా వెనక పెడితే అది వింటుంది, కూస్తుంది.

జనం నిండారు, కచేరీ మొదలైంది. హాలు వాళ్ళు నాకు చూపించిన చోటు స్టేజి పక్కన తెర వెనక, అక్కడ కూర్చుంటే హాల్లో ఏం వినపడుతుందో దేవుడికెరుక. మిక్సర్ని నడిపే ట్యాబ్లెట్ పట్టుకుని మధ్య వరసల్లో, వెనక వరసల్లో తిరుగుతూ చేసా. అరగంటకి వెనక నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు సెక్రటరీ గారిని పట్టుకుని సౌండు చాలట్లేదు అని గట్టిగా చెప్తున్నారు. సెక్రటరీ గారు నా వైపు చూపు. వెళ్ళి మేష్టారి పక్క కుర్చీలో కూర్చున్నా. పాట బాగానే వస్తోంది, కానీ ఆయన కుర్చీ వెనకే భోజనాల హాలు తలుపు, లోపల వంటవాళ్ళు గిన్నెలు సర్దుతున్నారు, ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోంది. తలుపు వేయించి, ఆ వైపు కాలమ్ రెండు డెసిబెల్స్ లేపా. "ఇప్పుడు బాగుందయ్యా, ఇందాకే పెంచాల్సింది" అన్నారు. అసలు చెప్పాలంటే అంతకుముందే ముందు బాక్సులు ఒక డెసిబెల్ తగ్గించి ఉన్నా.

కుదరనిది ఒకటి ఉండిపోయింది. తని ఆవర్తనంలో (మృదంగం ఒక్కటే వాయించే భాగం) తొప్పి దెబ్బ, ఆ కింది స్థాయి, హాలంతా బొమ్ బొమ్ అని నిండిపోయింది. మైకులో 100 కింద కోసినా, 200 దగ్గర తగ్గించినా, చివరికి తొప్పి వైపు మైకు దాదాపు మూసేసినా ఇంకా ఉంది, ఎందుకంటే అది నా బాక్సుల్లోంచి రావట్లేదు, వాయిద్యంలోంచే వస్తోంది. స్టేజి చెక్క పలకలతో కట్టింది, కింద డొల్ల, అది కూడా తోడైంది. వచ్చేసారి మృదంగం కింద దళసరి పరుపు వేయించాలని, స్టేజి కింద డొల్లలో మనమే పాత పరుపులో, గడ్డి మోపులో కుక్కించాలని అనుకుంటున్నా. కింది స్థాయికి గుడ్డ చాలదు, మందం కావాలి.

కమిటీ వాళ్ళు వచ్చే ఏడాది కూడా మీరే చెయ్యండి అన్నారు. పరదాల అద్దె మాత్రం సౌండు బిల్లులోంచే పెట్టుకోమంటున్నారు, అది డెకరేషన్ ఖాతాలో రాయమని నేనంటున్నా, దండలు కట్టారు కదా మరి. ఇంకా తేలలేదు.